120 గ్రాముల ఉక్కురేకు

మా నాన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ విశాఖలో గాజువాక నుంచి సింధియా దాకా సైకిలు మీదే వెళ్ళొచ్చారు. అక్కడి ఓడల కార్ఖానా హిందుస్థాన్ షిప్‌యార్డు అయి దశాబ్దాలు గడిచింది. అయినా 1941లో దాన్ని మొదలుపెట్టిన సింధియా కంపెనీ పేరే ఆ ప్రాంతానికి ఉండిపోయింది. షిఫ్టు మారే వేళ ఆ గేటు ముందు వందల సైకిళ్ళు ఒకేసారి కదిలేవి. అన్నీ నల్లవే, అన్నీ బరువైనవే, అన్నిటికీ ఇనుప కడ్డీల బ్రేకులే. నాకు సైకిలు నేర్పినప్పుడు నాన్న చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి ఇప్పటికీ చెవిలో ఉంది: "వానలో బ్రేకు ముందే అడగాల్రా. అడగ్గానే ఇవ్వదు."

చిన్నతనంలో ఆ మాట నాకు మంత్రంలా ఉండేది, అర్థం మాత్రం తెలియదు. ఓ వానాకాలం సాయంత్రం అర్థమైంది. పాలు తెస్తూ సందు మలుపులో లివరు గట్టిగా పట్టాను. కడ్డీలు కదిలాయి, రబ్బర్లు రిమ్ముకు తగిలాయి, సైకిలు మాత్రం ఆగలేదు. చక్రం మూడు నాలుగు చుట్లు తిరిగాక బ్రేకు పట్టుకుంది. అప్పటికే నేను పక్కింటి అరుగు ఎక్కేశాను. పాలన్నీ నేల పాలయ్యాయి.

ఆ మూడు నాలుగు చుట్లలో ఏం జరిగిందన్నదే ఈ అధ్యాయం. దాని కోసం మరో సైకిలు దగ్గరకు రావాలి. మధురవాడ నుంచి మద్దిలపాలెం దాకా రోజూ నేను తొక్కే సైకిలు అది. దూర ప్రయాణాలకని చేసిన ఉక్కు ఫ్రేము, వెనక క్యారియరుకు ఇరువైపులా సంచులు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఆఫీసు బట్టలు, ల్యాప్‌టాప్, టిఫిన్ డబ్బా, వాన కోటు అన్నీ కలిపితే పది కిలోలు పైనే తూగుతాయి. నేను, సైకిలు, సామాను కలిసి సుమారు 100 కిలోలు. లెక్కలు చేసుకోవడానికి ఇంతకంటే మంచి బరువు దొరకదు.

బ్రేకు సైకిలును ఆపుతుందని అంటాం. భౌతికశాస్త్రం దృష్టితో చూస్తే అది చేసే పని వేరు. కదిలే వస్తువులో ఉండే గతిశక్తిని వేడిగా మార్చి గాలిలోకి పంపేయడమే దాని పని. 100 కిలోలు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో దాదాపు 3,470 జౌళ్ళ గతిశక్తి ఉంటుంది. వేగం 15కు తగ్గితే ఆ శక్తి సగం కాదు, నాలుగోవంతు అవుతుంది, ఎందుకంటే గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే 30 నుంచి 15కు దిగేసరికే బ్రేకు తన పనిలో మూడొంతులు పూర్తి చేసేసిందన్నమాట. చివరి 15 కిలోమీటర్ల వేగం తీసేయడానికి మిగిలింది ఒక్క వంతే. కూడలి దగ్గర అనుభవమున్నవాళ్ళు దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ రావడం వెనకున్న లెక్క ఇదే.

ఆ శక్తి ఎటు పోవాలి? నాన్న సైకిలులో అది రబ్బరు ముక్కల్లోకీ రిమ్ములోకీ పోయేది. నా సైకిలులో చక్రం ఇరుసు దగ్గర బిగించిన ఉక్కురేకులోకి పోతుంది. రేకు అడ్డుకొలత 160 మిల్లీమీటర్లు, మందం 1.8 మిల్లీమీటర్లు, బరువు సుమారు 120 గ్రాములు. ఒక్కో రేకును ఇరువైపుల నుంచీ రెండు చిన్న ప్యాడ్లు నొక్కుతాయి. అయస్కాంతం దగ్గర పెడితే రేకు అతుక్కుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకోదని బడిలో విని ఉంటారు. వంటింటి గిన్నెల్లో వాడే రకానికి చాలావరకు అది నిజమే. డిస్కులకు వాడేది గట్టిపడేలా వేడిచేసి చల్లార్చిన మరో రకం స్టెయిన్‌లెస్, దానికి అయస్కాంతం పడుతుంది. పిల్లలు చేసి చూడదగ్గ పరీక్ష ఇది.

డిస్కు ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే కార్లకు డిస్కు బ్రేకు పేటెంటు తీసుకున్నాడు. లోహం మీద లోహం రాసుకుని భరించలేని కీచు వచ్చేది. సరైన ప్యాడ్లు దొరికేదాకా ఆ ఆలోచన మూలన పడింది. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచాక ప్రపంచం కళ్ళు తెరిచింది. సైకిళ్ళలో కొండదారుల బళ్ళకు ముందొచ్చింది. రోడ్డు పందేల సైకిళ్ళకైతే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పూర్తి అనుమతి ఇచ్చింది 2018లోనే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. నాన్న సైకిలు రిమ్ము కూడా ఒక డిస్కే కదా! పైగా పెద్ద డిస్కు. ఇరుసు నుంచి 31 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే చక్రాన్ని ఆపడం తేలికా, ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే తేలికా? తలుపును గొళ్ళెం దగ్గర నెట్టి చూడండి, తర్వాత బందుల దగ్గర నెట్టి చూడండి, జవాబు తెలిసిపోతుంది. రిమ్ము బ్రేకుకు పుట్టుకతోనే పెద్ద సౌకర్యం ఉంది. డిస్కు బ్రేకు బందుల దగ్గర నిలబడి తలుపు నెడుతోంది.

ఎంత బలంతో నెట్టాలో చూద్దాం. 100 కిలోల బండిని గట్టిగా, అంటే భూమ్యాకర్షణ త్వరణంలో సగం రేటున ఆపాలంటే రోడ్డు దగ్గర 490 న్యూటన్ల బలం కావాలి. రిమ్ము దగ్గర అది దాదాపు 550 న్యూటన్ల ఘర్షణ. డిస్కు దగ్గరైతే 2,350 న్యూటన్లు. అంత ఘర్షణ పుట్టించాలంటే ఒక్కో ప్యాడు రేకు మీద సుమారు 3,000 న్యూటన్ల బలంతో నొక్కాలి. మామూలు మాటల్లో చెబితే మూడు క్వింటాళ్ళ బరువు. అంటే ఆరు 50 కిలోల బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి కింద బొటనవేలంత ప్యాడు పెట్టినట్టు. నేను చేసేది మాత్రం రెండు వేళ్ళతో లివరు లాగడమే.

ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఖాళీ తక్కువగా ఉండటం నుంచి. లివరు చాలా కదులుతుంది, ప్యాడు చాలా తక్కువ కదులుతుంది. కదలిక ఎన్ని రెట్లు తగ్గితే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. పలుగుతో బండరాయి లేపేవాడు చేసేదీ ఇదే. రిమ్ము కాస్త వంకర తిరుగుతుంది, గుంతలో పడితే ఇంకాస్త వంగుతుంది. అందుకే బ్రేకు రబ్బర్లను రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో పెట్టక తప్పదు. ఆ ఎడం దాటడానికే లివరు కదలికంతా ఖర్చయిపోతుంది. ఇరుసు దగ్గరి డిస్కుకు ఆ వంకరతో పని లేదు. ప్యాడుకూ రేకుకూ మధ్య మిల్లీమీటరులో పావువంతు ఖాళీ చాలు. అందుకే దానికి అన్ని రెట్ల బలం సాధ్యమైంది.

ఇప్పుడు వాన దగ్గరికి వద్దాం. నాన్న సైకిలు రిమ్ము క్రోమియం పూత పూసిన ఇనుము. అద్దంలా నునుపు. ఎండలో దాని మీద రబ్బరు చక్కగా పట్టుకుంటుంది. తడిస్తే ఆ నునుపు మీద సన్నని నీటి పొర నిలుస్తుంది, రబ్బరు దాని మీద తేలుతుంది. పొర తుడిచిపెట్టుకుపోయేదాకా బ్రేకు ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిలు రెండు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. మూడు నాలుగు చుట్లంటే ఏడెనిమిది మీటర్లు. ఆ ఏడెనిమిది మీటర్లలోనే నా పాలు పోయాయి. నాన్న ముందే అడగమన్నది ఆ పొరను తుడుచుకోవడానికి. వానలో ఆయన కూడలి కనిపించగానే లివరు మెల్లగా పట్టుకుని, రిమ్ము ఆరాక గట్టిగా నొక్కేవారు.

డిస్కు దగ్గర మూడు క్వింటాళ్ళ బలం మూడు నాలుగు చదరపు సెంటీమీటర్ల ప్యాడు మీద పడుతుంది. రిమ్ము బ్రేకుతో పోలిస్తే పీడనం ఏడెనిమిది రెట్లు ఎక్కువ. అంత నొక్కుడుకు నీటి పొర నిలవదు. రేకులోని రంధ్రాలు అంచులతో మిగిలిన నీటిని గీకేస్తాయి. పైగా రేకు నేలకు అడుగు ఎత్తున ఉంటుంది. రోడ్డు మీది బురదనీళ్ళలో రిమ్ము మునిగినట్టు అది మునగదు.

నా దృష్టిలో డిస్కు బ్రేకు అసలు గొప్పదనం ఇక్కడుంది. అమ్మేవాళ్ళు బలం గురించి చెబుతారు. ఎండలో మంచి అల్యూమినియం రిమ్ము మీద మంచి రబ్బర్లున్న బ్రేకు కూడా మనిషి తట్టుకోగలిగినంత గట్టిగానే ఆపుతుంది. తేడా కనిపించేది అక్టోబరులో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి విశాఖలో మూడు రోజులు విడవకుండా కురిసినప్పుడు. మే నెలలో లివరు ఎంత లాగితే ఎంత ఆగిందో, ఆ వానలోనూ ఇంచుమించు అంతే ఆగుతుంది. రోజూ ఒకే దారిలో ఆఫీసుకు వెళ్ళే మనిషికి కావలసింది ఇదే. ఎంత దూరంలో ఆగుతానో చేతికి అలవాటైపోయి ఉంటుంది. వాన పడిన రోజు ఆ అలవాటు అబద్ధం కాకూడదు.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. సైకిలును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు. మొదటి వానకు రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జారుడు పూత అవుతుంది. జీబ్రా గీతల రంగు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే సబ్బు పూసినట్టే ఉంటాయి. అక్కడ ఎంత ఖరీదైన డిస్కయినా టైరుకు లేని పట్టును తెచ్చివ్వలేదు. వాటి మీద బ్రేకు వేయకూడదు, దాటాక వేయాలి.

ఇంకో పెద్ద విషయం వేడి. దీనికి మాకు మంచి ప్రయోగశాల దగ్గర్లోనే ఉంది. అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు దిగే ఘాట్ రోడ్డు. సంచులు కట్టుకుని వెళ్ళిన ప్రతిసారీ ఎక్కేటప్పుడు నా కాళ్ళు పెట్టిన శక్తినంతా దిగేటప్పుడు ఎక్కడో వదిలించుకోవాలి. లెక్క సులువు కోసం దిగుడు 800 మీటర్లనుకుందాం. 100 కిలోలు 800 మీటర్లు దిగితే దాదాపు 7,84,000 జౌళ్ళు విడుదలవుతాయి. మామూలు నీళ్ళు రెండున్నర లీటర్లు మరిగించడానికి ఆ శక్తి సరిపోతుంది. అందులో ఎంత గాలికి పోతుంది, ఎంత బ్రేకులకు పోతుంది అన్నది మనం దిగే తీరు మీద ఆధారపడుతుంది.

నన్ను ఆశ్చర్యపరిచిన లెక్క ఇది. నూటికి ఆరు వాలున్న రోడ్డు మీద ఈ బరువుతో స్థిరమైన వేగంతో దిగుతున్నామనుకోండి. గంటకు 8 కిలోమీటర్ల వేగమైతే రెండు బ్రేకులూ కలిసి పుట్టించే వేడి సుమారు 110 వాట్లు. 25 కిలోమీటర్లకు అది 230 వాట్లకు పెరుగుతుంది. మరి 40కి? ఇంకా పెరగాలి అనిపిస్తుంది. కాదు, 70 వాట్ల దగ్గరకు పడిపోతుంది! గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ వేగంలో బ్రేకు పనిలో చాలా భాగం గాలే చేసేస్తుంది. సంచులు వేలాడే సైకిలు గాలికి పెద్ద గోడలాంటిది. ఇంకా వేగం పెరిగితే బ్రేకు అవసరమే లేకుండా గాలి ఒక్కటే వేగాన్ని కట్టేస్తుంది.

అంటే భయపడి లివర్లు పట్టుకునే దిగేవాళ్ళ బ్రేకులే ఎక్కువ కాలుతాయి. దీన్ని చదివి 40తో దిగమని చెప్పడం లేదు. మలుపులో ఎదురుగా బస్సు వచ్చే రోడ్డు మీద వేగం వేరే లెక్క. తిన్నగా ఉన్నచోట వదిలి, మలుపుకు ముందు గట్టిగా పట్టి, మళ్ళీ వదలడం మంచిదని చెబుతున్నాను. వదిలిన కాసేపట్లో గాలి బ్రేకు పని చేస్తుంది, రేకు చల్లబడుతుంది. వేడి వస్తువు ఎంత వేడిగా ఉంటే అంత తొందరగా చల్లారుతుందన్న సంగతి కూడా మనకు కలిసొస్తుంది.

ఇప్పుడు ఆ 230 వాట్లు ఎవరి మీద పడుతున్నాయో చూడండి. అరకిలో అల్యూమినియం రిమ్మును ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 450 జౌళ్ళు కావాలి. 120 గ్రాముల ఉక్కురేకుకు 60 జౌళ్ళు కూడా అక్కర్లేదు. ఒక్కో రేకు మీద 115 వాట్లు పడితే, గాలి చల్లార్చకపోతే, సెకనుకు రెండు డిగ్రీలు పెరుగుతుంది. ఘాట్ దిగి ఆగినప్పుడు రేకు మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమంటుంది. వేలు పెడితే బొబ్బ ఖాయం. ఆ లెక్కన రిమ్మే నయం కదా, నిదానంగా వేడెక్కుతుంది కదా అనిపిస్తుంది.

కాదు. రిమ్ము కడుపులో ట్యూబు ఉంది. రిమ్ము వేడి ట్యూబుకు పోతుంది, లోపలి గాలికి పోతుంది. 30 డిగ్రీల నుంచి 100కు వెళితే మూసి ఉన్న గాలి పీడనం దాదాపు నాలుగోవంతు పెరుగుతుంది. పాత పంక్చరు అతుకు జిగురు మెత్తబడుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో సామానుతో దిగేవాళ్ళకూ, ఇద్దరు తొక్కే సైకిళ్ళ వాళ్ళకూ దిగుడు మధ్యలో ట్యూబు పేలడం పాత పీడకల. డిస్కు ఎంత కాలినా ఆ వేడి టైరుకు జానెడు దూరంలోనే ఉండిపోతుంది. మధ్యలో ఉన్నవి సన్నని చువ్వలు, గాలి. రేకు తాను కాలి టైరును కాపాడుతోంది.

అరుగుదల సంగతీ ఇంతే. తడి రోడ్డు మీది ఇసుక రబ్బరులో దిగి రిమ్మును ఆకురాయిలా గీకుతుంది. రిమ్ము గోడ పలచబడితే ఏదో ఒకరోజు టైరు పీడనానికి విచ్చుకుంటుంది. చువ్వలన్నీ విప్పి చక్రం మళ్ళీ అల్లించాలి. డిస్కు అరిగితే మార్చేది ఆ రేకునే. 1.8 మిల్లీమీటర్ల రేకు 1.5కు దిగితే తీసేయాలి. అది కొలిచే వెర్నియర్ కాలిపర్స్ బడి ప్రయోగశాలలో చూసిందే.

ఇందుకు మూల్యం చువ్వలు చెల్లిస్తాయి. రిమ్ము బ్రేకు రిమ్మునే పట్టుకుంటుంది కాబట్టి ముందు చక్రం చువ్వల మీద ఆ మెలి పడదు. డిస్కు ఇరుసు దగ్గర పట్టుకుంటుంది. ఆ మెలి తిప్పుడు అంతా చువ్వల మీదుగానే రిమ్ముకు చేరాలి. ఇరుసు నుంచి నేరుగా గీసినట్టుండే చువ్వలు మెలి మోయలేవు. ఒకదాన్నొకటి దాటుతూ వాలుగా వెళ్ళే చువ్వలే మోయగలవు. ఆ అల్లికకు జేమ్స్ స్టార్లీ 1874లోనే పేటెంటు తీసుకున్నాడు. దూర ప్రయాణాల సైకిలుకు సాధారణంగా 36 చువ్వలు వేసేది సామాను కోసమే కాదు, ఈ మెలి కోసం కూడా. ఒక చువ్వ వదులైతే మర్నాడే బిగించుకోవాలి, పక్కవి దాని భారం కూడా మోస్తుంటాయి.

తెలుగునాట సైకిలు నేర్చుకున్న ప్రతి ఒక్కరూ విన్న మాట మరొకటుంది: "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు." నాన్న కూడా అన్నారు. ఇందులో సగం నిజముంది. బ్రేకు వేసినప్పుడు మన బరువు ముందుకు తూలుతుంది. వెనక చక్రం మీది భారం తగ్గి ముందు చక్రం మీదికి పోతుంది. గరిమనాభి నేలకు 110 సెంటీమీటర్ల ఎత్తున, ముందు చక్రం నేలను తాకే చోటుకు 60 సెంటీమీటర్లు వెనక ఉందనుకుంటే, భూమ్యాకర్షణ త్వరణంలో 0.55 వంతు రేటు దాటగానే వెనక చక్రం గాలిలోకి లేస్తుంది. పల్టీకి హద్దు అదే.

పెద్ద ముందు చక్రం సైకిళ్ళ కాలంలో ఆ హద్దు చాలా దగ్గర్లో ఉండేది. మనిషి దాదాపు ముందు ఇరుసు మీదే కూర్చునేవాడు. చిన్న రాయి తగిలినా తలకిందులే. థామస్ స్టీవెన్స్ అలాంటి సైకిలు మీద 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి బయల్దేరి, 1886లో గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదుగా మన దేశాన్ని దాటి ప్రపంచయాత్ర పూర్తిచేశాడు. దిగుళ్ళలో ఆనాటి సైకిలువాళ్ళు కాళ్ళు హ్యాండిలు మీదుగా ముందుకు చాపుకునేవారు. పడితే తల కంటే ముందు కాళ్ళు ఆనాలని.

ఇప్పటి సైకిలుకు 0.55 అన్నది భయపడాల్సినంత తక్కువ కాదు. గంటకు 25 కిలోమీటర్ల వేగం నుంచి ముందు బ్రేకు బాగా వాడి భూమ్యాకర్షణలో సగం రేటున ఆపితే అయిదు మీటర్లలోపు ఆగుతాం. వెనక బ్రేకు ఒక్కటే వాడితే ఏం జరుగుతుంది? నొక్కే కొద్దీ వెనక చక్రం మీది భారం తగ్గుతుంది, కాస్త ఎక్కువైతే జారుతుంది. పావువంతు రేటు దాటడం కష్టం. ఆగడానికి దాదాపు పది మీటర్లు పడుతుంది. మధ్యలో ఉన్న ఆ అయిదు మీటర్లు ఆటో పొడవు కంటే ఎక్కువ. ఏ పిల్లవాడో అడ్డం వస్తే ఆ అయిదు మీటర్లే మన చేతిలో ఉన్నది. మా పెద్దలు మంచి కోరే చెప్పారు, కాని ఆ సలహా వాళ్ళ సైకిలుకే సరిపోతుంది, మన సైకిలుకు కాదు.

దూర ప్రయాణాల సైకిలు ఈ విషయంలో మనకు సాయం చేస్తుంది. దాని చక్రాల మధ్య దూరం పందెం సైకిలు కంటే ఎక్కువ. వెనక భాగం పొడవుగా ఉండేది పెడలు తొక్కేటప్పుడు మడమ సంచికి తగలకుండా ఉండటానికి. సామాను సంచులు క్యారియరు పక్కన కిందుగా వేలాడతాయి కాబట్టి గరిమనాభి దిగుతుంది, పల్టీ హద్దు ఇంకాస్త దూరం జరుగుతుంది. ల్యాప్‌టాప్ వీపు మీద మోసేవాళ్ళకు దీనికి సరిగ్గా వ్యతిరేకం. బరువు పైకెక్కుతుంది, వీపంతా చెమట. విశాఖ ఉక్కపోతలో వీపుకు సంచి కట్టుకుని పదిపైచిలుకు కిలోమీటర్లు తొక్కిన చొక్కాతో ఆఫీసులో కూర్చోవడం ఎలా ఉంటుందో నేను మొదటి నెల అనుభవించాను. క్యారియరుకు సంచి తగిలించిన రోజు నుంచి సైకిలు నాకు వాహనమైంది.

గేర్ల గురించి ముందు అధ్యాయంలో చెప్పాను కాబట్టి ఒక్క పోలికతో సరిపెడతాను. నాన్న సైకిలు పెడలు ఒక చుట్టుకు అయిదు మీటర్లకు అటూ ఇటూ పోయేది. నా సైకిలు అతి చిన్న గేరులో, ముందు 26 పళ్ళు వెనక 34 పళ్ళతో, ఒక మీటరూ 64 సెంటీమీటర్లు పోతుంది. అనంతగిరి ఎక్కేది ఆ గేరులోనే.

ఇక నా తప్పు కూడా ఉన్న ఒక సంఘటన. వానాకాలంలో డిస్కు కీచుమంటోందని ఊళ్ళో ఓ సైకిల్ షాపులో ఇచ్చాను. ఆ కీచు ఎందుకొస్తుందంటే, ప్యాడు రేకును క్షణం పట్టి, క్షణం వదిలి, మళ్ళీ పడుతుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసేదీ అదే పని. సెకనుకు వందల సార్లు జరిగే ఆ పట్టు, విడుపులకు రేకు గంటలా మోగుతుంది. తడిసినప్పుడు ఎక్కువ, ఆరగానే తగ్గుతుంది. ప్రమాదమేమీ లేదు. షాపు కుర్రాడు శ్రద్ధగా చైనుకు నూనె వేసి, అదే చేత్తో డిస్కు మీదా రెండు చుక్కలు వేశాడు. "చూడండి సార్, చప్పుడు పోయింది," అన్నాడు. చప్పుడు పోయింది. దానితో బ్రేకూ పోయింది. రోడ్డెక్కిన వంద గజాలకే తెలిసింది. చెప్పులు నేలకు రాసి ఆపుకున్నాను.

ఆ కుర్రాడి తప్పు కంటే నా తప్పే పెద్దది. కదిలేది, తిరిగేది, కీచుమనేది కనిపిస్తే నూనె వేయాలని అతనికి నేర్పారు, మిగతా సైకిలంతటికీ అది సరైన పనే. ఇది ఆ కోవలోది కాదని ముందే చెప్పాల్సింది నేను. ప్యాడు పదార్థానికి సన్నని రంధ్రాలుంటాయి, నూనె అందులోకి ఇంకిపోతుంది. తుడిస్తే పోదు. రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి వాడుకున్నాను. ప్యాడ్లు పారేశాను. కొత్త ప్యాడ్లు వేశాక వెంటనే పూర్తి బలం రాదు. ఖాళీ రోడ్డు మీద పాతిక ముప్ఫై సార్లు వేగం తెచ్చుకుని, ఆగిపోకుండా మెల్లగా తగ్గించాలి. ప్యాడు పదార్థం సన్నని పొరగా రేకుకు అంటుకుంటుంది. బ్రేకు పట్టేది ఆ పొర మీదే. ఇప్పుడు చైనుకు నూనె వేసేటప్పుడు నేనే వేస్తాను, డిస్కు వైపు గుడ్డ అడ్డుపెట్టి.

నూనెతోనే నడిచే డిస్కు బ్రేకులూ ఉన్నాయి. లివరు దగ్గర నొక్కిన పీడనం గొట్టంలోని ద్రవం ద్వారా ప్యాడుకు చేరుతుంది. పాస్కల్ సూత్రానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. చేతికి చాలా మెత్తగా ఉంటాయి, ప్యాడు అరిగినకొద్దీ తమంతట తామే సర్దుకుంటాయి. అయినా నేను తీగ లాగే రకమే ఎంచుకున్నాను. శృంగవరపుకోట దాటాక తీగ తెగితే ఏ సైకిల్ షాపులోనైనా తీగ దొరుకుతుంది. ద్రవం కారితే విశాఖ తిరిగి రావాలి. ఊళ్ళోనే తిరిగేవాళ్ళయితే ద్రవం రకం తీసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. తీగ రకంలో ప్యాడు అరిగినకొద్దీ చేత్తో బిగించుకోవాలి. నేను ఆదివారం ఉదయం చేస్తాను, అయిదు నిమిషాల పని.

సముద్రం పక్కన ఉండేవాళ్ళకు ఒక మాట. ఉప్పుగాలి డిస్కుకు పెద్దగా హాని చేయదు, దాన్ని పట్టి ఉంచే మరలకు చేస్తుంది. అల్యూమినియంలో బిగించిన ఉక్కు మర ఉప్పు తేమకు అక్కడే కరుచుకుపోతుంది. రెండు లోహాలు, మధ్య ఉప్పునీరు అంటే అది చిన్న బ్యాటరీ లాంటిదే. ఏడాదికోసారి మరలు విప్పి, మరచుట్లకు కాస్త గ్రీజు రాసి మళ్ళీ బిగించండి. గ్రీజు రేకుకు తగలకుండా మాత్రం.

మీ సైకిలు ఏదైనా సరే, దానికి డిస్కు ఉన్నా లేకున్నా, ఈ ఆదివారం ఖాళీ మైదానానికి తీసుకెళ్ళండి. మన దేశంలో ముందు బ్రేకు సాధారణంగా కుడి చేతి లివరు. నెమ్మదిగా నడిపిస్తూ నొక్కి నిర్ధారించుకోండి, బయటి దేశం నుంచి వచ్చిన సైకిలైతే తారుమారుగా ఉండవచ్చు. పది కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, చేతులు నిటారుగా చాచి, నడుము కాస్త వెనక్కి జరిపి, ముందు బ్రేకును ఒక్కసారిగా కాక గుప్పిట మూసినట్టు పెంచుతూ నొక్కండి. ఎక్కడ ఆగారో అక్కడ ఒక రాయి పెట్టండి. వెనక బ్రేకు ఒక్కదానితో మళ్ళీ చేసి మరో రాయి పెట్టండి. రెండు రాళ్ళ మధ్య దూరం అడుగులతో కొలవండి. తర్వాత రిమ్ము మీద ఒక చెంబు నీళ్ళు పోసి ఇంకోసారి చేయండి. మీ పిల్లలుంటే రాళ్ళు పెట్టే పని వాళ్ళకివ్వండి.